అంతర విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ అర్హత

అంతర విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ అర్హత అనగా భారతదేశములో బాస్కెట్‌బాల్ ఆడే కళాశాల విద్యార్థులు తమ కళాశాల మైదానము నుండి మండల స్థాయి పోటీలకు, అక్కడి నుండి అఖిల భారత పోటీలకు చేరుకొనే క్రమము. ఈ పోటీలు భారత విశ్వవిద్యాలయాల సంఘము ఆధ్వర్యములో జరుగుతాయి. అనుబంధ కళాశాల జట్టు ఎంత బాగా ఆడినప్పటికీ ఈ పోటీలకు నేరుగా అర్హత పొందదు. అర్హత పొందేది విశ్వవిద్యాలయ జట్టు మాత్రమే. కావున శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగములోని ఉదయగిరి, ఆత్మకూరు వంటి పట్టణాల విద్యార్థికి పై స్థాయి పోటీలలో ఆడే అవకాశము, విశ్వవిద్యాలయ జట్టులోని 12 స్థానాలలో ఒకటి దక్కించుకోవడముపై ఆధారపడి ఉంటుంది.

నేపథ్యము

బాస్కెట్‌బాల్ ఆటను 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు రూపొందించాడు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య 1932లో, భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడినవి. భారతదేశములో ఈ ఆట ప్రధానముగా పాఠశాలలు, కళాశాలలు, రైల్వే, పోలీసు, సైనిక దళాల జట్ల ద్వారా వ్యాపించినది.

విశ్వవిద్యాలయాల మధ్య పోటీలను నిర్వహించే భారత విశ్వవిద్యాలయాల సంఘము 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలి అను పేరుతో ప్రారంభమై, 1973లో ప్రస్తుత నామమును పొందినది. పోటీల నిర్వహణ కొరకు దేశాన్ని ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ మండలాలుగా విభజించారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ రాష్ట్రాలు మరియు పుదుచ్చేరి లోని విశ్వవిద్యాలయాలు దక్షిణ మండలము క్రిందకు వస్తాయి. ప్రతి సంవత్సరము ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క విశ్వవిద్యాలయము ఆతిథ్యమిస్తుంది.

నెల్లూరు జిల్లాలోని డిగ్రీ కళాశాలలు 1954లో తిరుపతిలో స్థాపించబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు చాలా కాలము అనుబంధముగా ఉండేవి. 2008లో నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత జిల్లాలోని డిగ్రీ కళాశాలలు దాని పరిధిలోనికి వచ్చినవి. ఉదయగిరి, ఆత్మకూరులలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కూడా ఇందులోనివే. ఈ విశ్వవిద్యాలయ ప్రాంగణము నెల్లూరుకు దక్షిణముగా కాకుటూరు వద్ద కలదు.

ఒకే పట్టణములో చదివే విద్యార్థులందరూ ఒకే విశ్వవిద్యాలయ జట్టుకు పోటీపడరు. జిల్లాలోని ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు అనంతపురములోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఎంపికలకు హాజరు కావలసి ఉంటుంది. వ్యవసాయ, వైద్య విద్యార్థులకు వారి వారి విశ్వవిద్యాలయాలు వేరుగా ఉన్నవి. పాలిటెక్నిక్ విద్యార్థులు రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి పరిధిలోని వారు గనుక వారికి అంతర పాలిటెక్నిక్ క్రీడా పోటీలు వేరుగా జరుగుతాయి. కాబట్టి చిన్నప్పటి నుండి ఒకే మైదానములో కలిసి ఆడిన నలుగురు మిత్రులు ఇంటర్మీడియట్ తరువాత నాలుగు వేర్వేరు త్రోవలలో పోటీపడవలసి రావచ్చు.

అర్హత అంచెలు

అనుబంధ కళాశాల విద్యార్థి అఖిల భారత పోటీలకు చేరుటకు ఈ క్రింది అంచెలను దాటవలెను.

1. కళాశాల జట్టు: కళాశాల ఫిజికల్ డైరెక్టరు జట్టును ఎంపిక చేస్తారు. జట్టులో 12 మంది వరకు ఉండవచ్చును. మైదానములో ఒకేసారి ఐదుగురు ఆడతారు.

2. అంతర కళాశాల పోటీలు: విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలల జట్లు ఒక కళాశాలలో గాని, విశ్వవిద్యాలయ ప్రాంగణములో గాని తలపడతాయి. గెలిచిన కళాశాలకు ట్రోఫీ లభిస్తుంది. ఈ విజయము వలన ఆ కళాశాల జట్టు పై అంచెకు వెళ్ళదు.

3. విశ్వవిద్యాలయ ఎంపిక: అంతర కళాశాల పోటీలలో క్రీడాకారుల ఆటను చూసి, లేదా వేరుగా సెలక్షన్స్ నిర్వహించి, ఎంపిక సంఘము కొందరిని శిక్షణ శిబిరమునకు పిలుస్తుంది. శిబిరము చివర 12 మంది జట్టును ప్రకటిస్తుంది.

4. దక్షిణ మండల పోటీలు: మండలములోని విశ్వవిద్యాలయాల జట్లు ఇందులో పాల్గొంటాయి. తొలి నాలుగు స్థానాలు పొందిన జట్లు అఖిల భారత పోటీలకు అర్హత పొందుతాయి.

5. అఖిల భారత అంతర మండల పోటీలు: నాలుగు మండలాల నుండి నాలుగేసి చొప్పున 16 జట్లు పాల్గొంటాయి.

6. ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు: కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఈ క్రీడలు తొలిసారిగా 2020 ఫిబ్రవరి-మార్చి నెలలలో భువనేశ్వర్‌లో జరిగినవి. అఖిల భారత పోటీలలో ముందు వరుసలో నిలిచిన జట్లకు వీటిలో ప్రవేశము లభిస్తుంది.

పురుషులకు, స్త్రీలకు ఈ అంచెలన్నీ వేర్వేరుగా ఉంటాయి. నియమాలు ఒకటే అయినప్పటికీ పురుషుల పోటీలలో 7వ సంఖ్య బంతిని, స్త్రీల పోటీలలో దాని కన్నా చిన్నదైన 6వ సంఖ్య బంతిని వాడతారు.

విద్యార్థికి ఉండవలసిన అర్హతలు

ఆట బాగా వచ్చినంత మాత్రాన విశ్వవిద్యాలయ జట్టులో చోటు లభించదు. క్రీడాకారుడు కనీసము ఒక విద్యాసంవత్సరము కాలపరిమితి గల కోర్సులో పూర్తి కాలపు విద్యార్థి అయి ఉండవలెను. వయస్సు 17 సంవత్సరాలకు తగ్గకుండా, 25 సంవత్సరాలకు మించకుండా ఉండవలెను. ఈ వివరాలతో ఎలిజిబిలిటీ ప్రొఫార్మా అనే పత్రమును నింపి, కళాశాల ప్రిన్సిపాలు మరియు విశ్వవిద్యాలయ అధికారుల సంతకాలతో పోటీ నిర్వాహకులకు సమర్పించవలెను. పదవ తరగతి ధ్రువపత్రములోని పుట్టిన తేదీ, ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత వివరాలు, ప్రస్తుత ప్రవేశ వివరాలు సరిపోలకపోతే క్రీడాకారుడు పోటీ స్థలము వరకు వెళ్ళి కూడా ఆడలేకపోవచ్చును. అందుచేత ఈ పత్రాలను ఎంపికలకు ముందుగానే సిద్ధపరచుకొనుట మంచిది.

పోటీ విధానము

మండల పోటీలు సాధారణముగా నాకౌట్ మరియు లీగ్ పద్ధతులను కలిపి జరుగుతాయి. మొదటి దశలో ఓడిన జట్టు వెంటనే నిష్క్రమిస్తుంది. మిగిలిన నాలుగు జట్లు ఒకదానితో ఒకటి లీగ్ పద్ధతిలో ఆడగా వాటి స్థానాలు నిర్ణయమవుతాయి. గత సంవత్సరము తొలి స్థానాలలో నిలిచిన జట్లు ఆరంభములోనే ఎదురుపడకుండా వాటిని డ్రాలో వేర్వేరు భాగాలలో ఉంచుతారు. అందువలన కొత్త జట్టుకు రెండవ లేక మూడవ మ్యాచిలోనే బలమైన ప్రత్యర్థి ఎదురు కావచ్చును.

అర్హత పరముగా చూస్తే లీగ్ దశ కన్నా దానికి ముందు జరిగే చివరి నాకౌట్ మ్యాచియే కీలకమైనది. దానిని గెలిచిన జట్టుకు అఖిల భారత పోటీలలో స్థానము ఖాయమవుతుంది. లీగ్ దశలో మూడు మ్యాచిలూ ఓడినా నాలుగవ స్థానము మిగులుతుంది.

లీగ్ దశలో అంతర్జాతీయ నియమాల ప్రకారము గెలుపుకు 2 పాయింట్లు, ఓటమికి 1 పాయింటు, ఆడకుండా వదులుకొన్న మ్యాచికి 0 లభిస్తాయి. రెండు జట్లు సమానముగా నిలిస్తే వాటి మధ్య జరిగిన మ్యాచిలో గెలిచిన జట్టుదే పైచేయి. మూడు జట్లు సమానమైతే ముందుగా ఆ మూడింటి మధ్య జరిగిన మ్యాచిల ఫలితాలను, ఆపై వాటిలోని స్కోరు తేడాను పరిశీలిస్తారు. కాబట్టి ఓడిపోతున్న జట్టు కూడా తేడాను తగ్గించుటకు చివరి నిమిషము వరకు శ్రమించవలసి ఉంటుంది.

అవకాశాల లెక్క

నాకౌట్ పద్ధతిలో అర్హత అవకాశమును సులభముగా లెక్కించవచ్చును. ఉదాహరణకు 64 జట్లు పాల్గొన్నవనుకొందాము. తొలి నాలుగింటిలో నిలుచుటకు వరుసగా నాలుగు మ్యాచిలు గెలవవలెను. 128 స్థానాల డ్రా అయితే ఐదు గెలవవలెను. ఆ డ్రాలో మొదటి రౌండులో బై లభించిన జట్టుకు నాలుగు గెలుపులే చాలు. ఒక్కొక్క మ్యాచి గెలిచే అవకాశము సమానమని భావిస్తే, దానిని అన్ని సార్లు గుణించగా వచ్చే ఫలితము ఈ విధముగా ఉంటుంది.

- ఒక్కొక్క మ్యాచికి 50 శాతము అవకాశము గల జట్టు: నాలుగు వరుస గెలుపులకు సుమారు 6 శాతము, ఐదింటికి 3 శాతము.
- 70 శాతము గల జట్టు: నాలుగింటికి 24 శాతము, ఐదింటికి 17 శాతము.
- 80 శాతము గల జట్టు: నాలుగింటికి 41 శాతము, ఐదింటికి 33 శాతము.
- 90 శాతము గల జట్టు: నాలుగింటికి 66 శాతము, ఐదింటికి 59 శాతము.

ప్రతి ప్రత్యర్థి కన్నా మెరుగైన జట్టుకు సైతము అర్హత ఖాయము కాదని ఈ లెక్క తెలుపుతున్నది. 70 శాతము జట్టు నాలుగు సంవత్సరాలు వరుసగా ప్రయత్నిస్తే సగటున ఒక్కసారి చివరి నాలుగింటికి చేరగలదు. ఒక విద్యార్థి డిగ్రీ కాలము మూడు లేక నాలుగు సంవత్సరాలే గనుక ఎంతో నైపుణ్యము గల క్రీడాకారుడు కూడా అఖిల భారత పోటీలను చూడకుండానే చదువు ముగించవచ్చును. మొదటి రౌండులో బై లభించిన జట్టుకు ఒక మ్యాచి తగ్గుట వలన కలిగే లాభము కూడా చిన్నది కాదు.

వాస్తవములో అన్ని మ్యాచిలూ సమానము కావు. మద్రాసు, కాలికట్, మహాత్మా గాంధీ వంటి పెద్ద అనుబంధ విశ్వవిద్యాలయాలు, ఎస్ఆర్ఎమ్ వంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు దక్షిణ మండలములో బలమైన జట్లుగా పేరు పొందినవి. క్రీడా ఉపకార వేతనాలపై విద్యార్థులను చేర్చుకొని, ఒకే ప్రాంగణములో ఏడాది పొడవునా శిక్షణ ఇచ్చే విశ్వవిద్యాలయానికి గల సౌలభ్యము, వేర్వేరు ఊళ్ళ కళాశాలల నుండి 12 మందిని కొద్ది రోజుల శిబిరములో చేర్చే అనుబంధ విశ్వవిద్యాలయానికి ఉండదు.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత పరిస్థితులు

ఉదయగిరి విజయనగర కాలము నాటి కోట వలన ప్రసిద్ధి చెందిన పట్టణము. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి ఈ దుర్గమును 1514లో వశపరచుకొన్నాడు. ఆత్మకూరు నెల్లూరు నుండి బద్వేలు వైపు వెళ్ళే 67వ జాతీయ రహదారిపై ఉన్నది. పెన్నా నదిపై నిర్మించిన సోమశిల జలాశయము దీనికి సమీపములోనిదే. పడమట వెలిగొండలు సరిహద్దుగా గల ఈ ప్రాంతము జిల్లాలోని తీర మండలాలతో పోలిస్తే మెట్ట ప్రాంతము.

ఈ ప్రాంత విద్యార్థుల అవకాశాలను ప్రభావితము చేసే అంశాలు ముఖ్యముగా నాలుగు.

దూరము: ఆత్మకూరు జిల్లా కేంద్రమునకు 50 కి.మీ.కు పైగాను, ఉదయగిరి సుమారు 100 కి.మీ. దూరములోను ఉన్నవి. కాకుటూరు ప్రాంగణమునకు వెళ్ళవలెనంటే నెల్లూరును దాటి పోవలెను. ఉదయము ఆరంభమయ్యే మ్యాచికి ఉదయగిరి జట్టు ముందు రోజే బయలుదేరవలసి వస్తుంది. నిర్ణీత సమయము తరువాత 15 నిమిషాలలోగా ఐదుగురు ఆటగాళ్ళు మైదానములో సిద్ధముగా లేకపోతే ఆ జట్టు 20-0 తేడాతో మ్యాచిని కోల్పోయినట్లు పరిగణిస్తారు. బస్సు ఆలస్యమైనా ఫలితము ఇదే.

ఆటగాళ్ళ సంఖ్య: సాధనలో పూర్తి స్థాయి ఆట ఆడుటకు పది మంది కావలెను. విద్యార్థుల సంఖ్య తక్కువగా ఉన్న కళాశాలలో వాలీబాల్, కబడ్డీ, ఖోఖో జట్లకు పోగా బాస్కెట్‌బాల్‌కు ఆరేడుగురు మిగలడమే కష్టము. ఐదు ఫౌల్స్ చేసిన ఆటగాడు మ్యాచి నుండి తప్పుకోవలెను. ఆరుగురితో వచ్చిన జట్టులో ఇద్దరు ఆ విధముగా తప్పుకొంటే మిగిలిన నలుగురే ఆటను కొనసాగించవలెను. ఈ భయము వలన చిన్న జట్లు రక్షణలో గట్టిగా తలపడలేవు.

మైదానము: బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు, రింగు నేల నుండి 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది. దీనికి గట్టి, సమతలమైన నేల అవసరము. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల వాలీబాల్ కోర్టును, 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల కబడ్డీ కోర్టును మట్టి నేలపై సున్నముతో గీసుకొనవచ్చును. బాస్కెట్‌బాల్‌కు అది కుదరదు. మట్టిలో బంతి సరిగా లేవదు. పల్లె ప్రాంతాలలో ఈ ఆట కన్నా కబడ్డీ, వాలీబాల్ ఎక్కువగా వ్యాపించుటకు ఇది ఒక ముఖ్య కారణము.

కాలము: నెల్లూరు జిల్లాకు వర్షపాతములో అధిక భాగము అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వలన లభిస్తుంది. అంతర కళాశాల పోటీలు, శిక్షణ శిబిరాలు చాలా వరకు ఈ నెలలలోనే రావడము వలన ఆరుబయటి సిమెంటు కోర్టుపై సాధన తరచుగా ఆగిపోతుంది. 2015-16 నుండి రాష్ట్ర డిగ్రీ కళాశాలలలో సెమిస్టరు పద్ధతి అమలులోనికి వచ్చిన తరువాత మొదటి అర్ధ సంవత్సరపు పరీక్షలు కూడా ఇంచుమించుగా ఈ కాలములోనే జరుగుతున్నవి.

ఈ నాలుగు అంశాలూ కళాశాల జట్టును బలహీనపరుస్తాయి. అయితే ఎంపిక జరిగేది వ్యక్తిగతముగా గనుక ఒక ఆటగాడి అవకాశమును పూర్తిగా మూసివేయవు. మొదటి మ్యాచిలోనే ఓడిన కళాశాల నుండి కూడా ఎత్తుగా ఉండి రీబౌండ్లు అందుకొనే ఆటగాడు గాని, 6.75 మీటర్ల గీత ఆవలి నుండి బంతిని నిలకడగా వేయగల ఆటగాడు గాని విశ్వవిద్యాలయ శిబిరమునకు ఎంపిక కావచ్చును. అందుకు అతని కళాశాల పోటీలలో పేరు నమోదు చేసుకొని కనీసము ఒక్క మ్యాచి అయినా ఆడవలెను, లేదా అతనిని సెలక్షన్స్‌కు పంపవలెను. కళాశాల జట్టును పంపకపోతే అతని ఆట ఎంపిక సంఘము కంట పడే సందర్భమే తగ్గిపోతుంది.

విశ్వవిద్యాలయాల విభజన ప్రభావము

2008కి ముందు ఉదయగిరి విద్యార్థి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జట్టులో స్థానము కొరకు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల కళాశాలల ఆటగాళ్ళతో పోటీపడవలసి వచ్చేది. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయము ఏర్పడే వరకు కడప జిల్లా ఆటగాళ్ళు కూడా ఈ పోటీలో ఉండేవారు. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత పోటీ నెల్లూరు జిల్లా కళాశాలలకే పరిమితమైనది. నెల్లూరులోని వి.ఆర్. కళాశాల, కావలిలోని జవహర్ భారతి వంటి పాత కళాశాలలు ఉన్నప్పటికీ, 12 స్థానాలకు పోటీపడేవారి సంఖ్య మునుపటి కన్నా తగ్గినది.

అందువలన మారుమూల కళాశాల విద్యార్థికి విశ్వవిద్యాలయ జట్టులో చేరుట సులభమైనది. అదే సమయములో ఆ జట్టు దక్షిణ మండలములో తొలి నాలుగు స్థానాలకు చేరుట కష్టమైనది. ఒకప్పుడు మూడు జిల్లాల ఆటగాళ్ళతో ఏర్పడిన జట్టుకు బదులు మూడు విశ్వవిద్యాలయాల నుండి మూడు జట్లు వెళ్తున్నవి. మొదటి తలుపు వెడల్పు కాగా రెండవ తలుపు ఇరుకైనదని చెప్పవచ్చును.

అర్హత వలన ప్రయోజనాలు

అంతర విశ్వవిద్యాలయ పోటీలలో పాల్గొన్నట్లు లభించే ధ్రువపత్రమునకు ఆటకు వెలుపల కూడా విలువ ఉన్నది. కేంద్ర ప్రభుత్వ శాఖలలో క్రీడాకారుల కోటా క్రింద జరిగే గ్రూప్ సి నియామకాలకు, అంతర విశ్వవిద్యాలయ పోటీలలో తమ విశ్వవిద్యాలయమునకు ప్రాతినిధ్యము వహించినవారు అర్హుల జాబితాలో ఉన్నారు. ఆ జాబితాలోని ఆటలలో బాస్కెట్‌బాల్ ఒకటి. పతకము గెలిచినవారికి ప్రాధాన్యము ముందు. ఆడి పతకము పొందనివారు ఆ తరువాతి వరుసలో వస్తారు. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము 2024లో ప్రకటించిన క్రీడా విధానములో ఉద్యోగాలలో క్రీడాకారుల రిజర్వేషనును 2 శాతము నుండి 3 శాతమునకు పెంచినది. వ్యాయామ విద్యా కోర్సులలో ప్రవేశానికి జరిగే పీసెట్‌లో దేహదారుఢ్య పరీక్షలతో పాటు అభ్యర్థి ఎంచుకొన్న ఆటలో నైపుణ్య పరీక్ష కూడా ఉంటుంది.

ఈ కారణముగా చిన్న పట్టణాల విద్యార్థికి దక్షిణ మండల పోటీలలో గెలుపు కన్నా ముందుగా అక్కడ ఆడగలగడమే ముఖ్యమవుతుంది. జట్టు మొదటి రౌండులో ఓడినప్పటికీ విశ్వవిద్యాలయ ప్రాతినిధ్యము నమోదవుతుంది. అంతర కళాశాల స్థాయిలోనే ఆగిపోయినవారికి ఆ అర్హత ఉండదు.

అమెరికా పద్ధతితో పోలిక

కళాశాల బాస్కెట్‌బాల్‌కు అత్యంత ప్రజాదరణ గల దేశము అమెరికా. అక్కడ నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ పురుషుల టోర్నమెంటు 1939లో 8 జట్లతో మొదలైనది. జట్ల సంఖ్య 1985లో 64కు, 2011లో 68కి పెరిగినది. ప్రాంతీయ కూటములైన కాన్ఫరెన్సుల విజేతలకు నేరుగా ప్రవేశము లభిస్తుంది. మిగిలిన స్థానాలను ఒక ఎంపిక సంఘము, జట్లు నాలుగు నెలలకు పైగా సాగే సీజనులో సాధించిన ఫలితాలను, ప్రత్యర్థుల బలమును పరిశీలించి భర్తీ చేస్తుంది. అందువలన ఒక జట్టుకు అవకాశము ఉన్నదా లేదా అనే చర్చ అభిమానులలో వారాల తరబడి సాగుతుంది.

భారత పద్ధతిలో ఇటువంటి సీజను లేదు. ముందు వారాల విజయాలు జమ కావు. ఒక్క ఓటమిని మరొక గెలుపు సరిచేయదు. అమెరికాలో ఎంపిక సంఘము జట్లను ఎంచుకొంటుంది. ఇక్కడ ఎంపిక సంఘము ఆటగాళ్ళను ఎంచుకొంటుంది, జట్టు అర్హతను మైదానములోని ఫలితమే నిర్ణయిస్తుంది. ఈ తేడా వలన చిన్న కళాశాలకు ఒక మేలు కూడా ఉన్నది. అక్కడ బలహీనమైన జట్టులోని మంచి ఆటగాడు ఆ జట్టుతోనే ఇంటికి మరలవలెను. ఇక్కడ ఉదయగిరి లేక ఆత్మకూరు కళాశాల ఓడిపోయినా దాని ఆటగాడు విశ్వవిద్యాలయ జట్టుతో ముందుకు సాగవచ్చును.

ముగ్గురి బాస్కెట్‌బాల్

ఆటగాళ్ళ కొరత గల కళాశాలలకు ముగ్గురేసి ఆడే బాస్కెట్‌బాల్ సాధన మార్గముగా ఉపకరిస్తుంది. ఒకే రింగు గల 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు కోర్టు దీనికి సరిపోతుంది. జట్టులో ముగ్గురు ఆటగాళ్ళు, ఒక ప్రత్యామ్నాయ ఆటగాడు ఉంటారు. 10 నిమిషాల కాలములో, లేదా అంతకు ముందే ఒక జట్టు 21 పాయింట్లు సాధించినపుడు మ్యాచి ముగుస్తుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ విభాగమును తొలిసారిగా ప్రవేశపెట్టారు. ఇది ఐదుగురి ఆటకు పూర్తిగా బదులు కాకపోయినప్పటికీ, బంతిని అదుపు చేయుట, ఒకరినొకరు అడ్డుకొనుట, త్వరగా నిర్ణయము తీసుకొనుట వంటి మెళకువలు ఆరుగురు విద్యార్థులతోనే నేర్చుకొనవచ్చును.

ఇవి కూడా చూడండి

- బాస్కెట్‌బాల్
- విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము
- శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము
- ఉదయగిరి
- ఆత్మకూరు (నెల్లూరు జిల్లా)